నొప్పి పుట్టించే మందు

నొప్పి తగ్గించడానికి మందులు కనిపెట్టినవాళ్ళు లోకంలో కోకొల్లలు. నొప్పి పుట్టించడానికి మందు చేసిన ఘనత మాత్రం మా ల్యాబుది. ఈ మాట విన్నవాళ్ళు ముందు నవ్వుతారు. బందరులో ఉన్న మా అక్కయ్యయితే, "దానికి అంత చదువెందుకే కుముదినీ, ఇంట్లో రోకలిబండ లేదూ?" అంది. గంగోత్రిని చూశాక అక్కయ్య కూడా నవ్వలేదు.

గంగోత్రి మా మునిరత్నం కూతురు. మా మందు మొదటిసారి వేసేనాటికి దానికి తొమ్మిదేళ్ళు. మునిరత్నం తిరుపతిలో మా ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా టెక్నీషియన్. బ్యాక్టీరియా చేత ప్రొటీన్ తయారు చేయించి, దాన్ని గాజు గొట్టాల్లోంచి వడగట్టి, శుభ్రం చేసి నా చేతికివ్వడం ఆయన పని. నా పేరుతో అచ్చయిన పరిశోధనల్లో సగం ఆయన చేతి చలవే. ఈ సంగతి సభల్లో చెప్పను గానీ ఇక్కడ చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

గంగోత్రికి పుట్టుకతో నొప్పి తెలియదు. వేడీ చల్లనా తెలుస్తాయి, చక్కిలిగిలి పెడితే నవ్వుతుంది. నొప్పి ఒక్కటే లేదు. పళ్ళొచ్చిన ఏడు నాలుక చివర కొరుక్కుని పోగొట్టుకుంది. చేయి మూడుసార్లు, కాలు రెండుసార్లు విరిగాయి. విరిగిన కాలితోనే తొక్కుడుబిళ్ళ ఆడింది. రోజూ పొద్దున ఒకసారి, బడి నుంచి వచ్చాక ఒకసారి, వాళ్ళమ్మ కళావతి దాన్ని గుమ్మం దగ్గర వెలుతురులో నిలబెట్టి అరికాళ్ళ నుంచి మాడు దాకా వెతికేది, ఎక్కడ తెగిందో, ఎక్కడ వాచిందో అని. కళావతి మునిరత్నానికి సొంత అక్క కూతురే. జబ్బు ఆ కుటుంబంలోనే తిరుగుతోంది. మునిరత్నం చెల్లెలికీ ఇదే ఉండేది. పద్నాలుగో ఏట ఒక సాయంత్రం నీరసంగా ఉందని పడుకుంది. కడుపులో పేగు పగిలి రెండు రోజులైందని ఆస్పత్రిలో చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ పిల్ల బతకలేదు. కనుక మునిరత్నానికి జీవితంలో కావలసింది ఒక్కటే. తన కూతురు ఏదో ఒకరోజు నోరు తెరిచి, ఫలానా చోట నొప్పి అని చెప్పాలి.

మునిరత్నం తండ్రి చెంగల్రాయుడు గారు పుత్తూరులో ఎముకలు కట్టే మనిషి. కొడుకు పనిచేసే చోటు చూద్దామని ఒకసారి వచ్చారు. నేను కంప్యూటర్ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకటి నా నరంలో ఉండే రిసెప్టార్, రెండోది ఆయన మనవరాలి నరంలో ఉండేది.

"ఇది నరం చివర కణం పొరలో గుచ్చుకుని ఉంటుందండీ. ఒంటికి గాయమైతే, ఆ వార్త మోసుకొచ్చే అణువొకటి వచ్చి దీని తల మీద కూర్చుంటుంది. అప్పుడిది నడుము వంచాలి. నడుము వంగితే లోపల తోక కదులుతుంది. ఆ కదలికే నరానికి కబురు. మీ మనవరాలి దాంట్లో ఒక మెలిక తప్పింది. తల మీద ఎవరు కూర్చున్నా నడుము చతికిలబడుతుందే గానీ తోక కదలదు."

ఆయన తెరకేసి చాలాసేపు చూశారు. "అంటే నడుమిరిగింది."

"అలాగే అనుకోండి."

"ఇరిగినదానికి బద్ద కట్టాల గదమ్మా. అది నిలబడల్ల."

మేం అప్పటికి ఏడాదిగా చేయాలనుకుంటున్నది సరిగ్గా అదే. ఆ రిసెప్టార్ నడుముకి ఆనుకుని నిలబెట్టే చిన్న ప్రొటీన్ ఒకటి కంప్యూటర్ మీద గీసి, దానికి పన్నెండు అక్షరాల పొడవు పేరు పెట్టుకున్నాం. ఆ రోజు నుంచి ల్యాబులో అందరూ దాన్ని బద్ద అనే పిలిచారు.

గీయడం వేరు, పనిచేయడం వేరు. గంగోత్రి రిసెప్టార్ ఉన్న కణాల్ని చిన్న చిన్న గుంటల్లో పెంచి, వాటి మీద బద్ద పోసేవాళ్ళం. కబురు లోపలికి చేరితే కణం సన్నగా వెలగాలి. రెండేళ్ళలో నలభై బ్యాచ్‌లు చేశాం. నలభైసార్లూ చీకటే. నా విద్యార్థిని షహీనా కడప పిల్ల, మాట ఆచి తూచి మాట్లాడుతుంది. ఆ పిల్ల కూడా ఒకరోజు, "మేడమ్, బద్ద కట్టేవాళ్ళకైనా ఎముక కనపడుతుంది గదా" అంది.

అప్పుడు దసరా వచ్చింది. ఆయుధపూజనాడు ల్యాబులో ప్రతి యంత్రానికీ పసుపు కుంకుమ పెట్టడం మునిరత్నం ఆనవాయితీ. సెంట్రిఫ్యూజుకి నిమ్మకాయ, ఫ్రీజర్‌కి పూలదండ, సీసాలకు బొట్లు. మొదట్లో వద్దని పోట్లాడాను. తరవాత బయటివైపు మాత్రమే పెట్టాలని నిబంధన పెట్టి ఊరుకున్నాను. లేదంటే ఆ వారమంతా ఏ మిషను మొరాయించినా తప్పు నా మీదికే వచ్చేది.

పండగ మర్నాడు చేసిన బ్యాచ్ నలభై ఒకటి. అది వెలిగింది.

ఒక్క గుంట కాదు, ప్లేటంతా. అదే బ్యాచ్ ఇంకో ప్లేటు మీద పోశాం, మళ్ళీ వెలిగింది. షహీనా నోరు నొక్కుకుంది. మునిరత్నం కుర్చీలో కూలబడి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. సంతోషం పట్టలేక అనుకున్నాను. ఆయన ముఖంలో సంతోషంతో పాటు ఇంకేదో ఉందని ఇప్పుడంటే చెప్పగలను గానీ, అప్పుడు నేను చూడలేదు.

"మేడమ్, ఈ బ్యాచ్ కొంచెం పచ్చగా ఉంది, ఎందుకు?" అని షహీనా అడిగింది.

"బ్యాక్టీరియా రంగు. చాలా ప్రొటీన్లు అలాగే వస్తాయి" అన్నాను.

ఆ మాట అబద్ధం కాదు. నిజంగానే అలా వస్తాయి. తెలిసిన జవాబు చేతిలో ఉంటే ప్రశ్న పూర్తిగా వినే ఓపిక ఎవరికుంటుంది?

అదే రిసెప్టార్ పెట్టిన ఎలుకల మీద చేశాం. వేడి పలక మీద కాలు పెడితే తీయని ఎలుకలు, ఇంజెక్షన్ తరవాత ఠక్కున తీశాయి. ఒక్క రోగికి ప్రయోగంగా ఇవ్వడానికి నీతి సంఘాన్ని, అంటే ఎథిక్స్ కమిటీని, అనుమతి అడిగాం. సంఘంలో ఒక పెద్దాయన కాగితాలు రెండుసార్లు తిరగేసి, "నొప్పి కోసం దరఖాస్తు చేసుకున్నవాళ్ళని చూడటం ఇదే మొదలు" అన్నాడు. మునిరత్నం లేచి తన చెల్లెలి సంగతి చెప్పాడు. అనుమతి వచ్చింది. ఎలుకలకు పనిచేసింది ఆ బ్యాచ్చే కాబట్టి, ఫ్రీజర్లో మిగిలిన బ్యాచ్ నలభై ఒకటే వాడదామన్నాం. శుద్ధత పరీక్షించినవాళ్ళు 'స్వల్పంగా పసుపు రంగు' అని రాస్తే, దాని పక్కన 'బ్యాక్టీరియా నుంచి, హాని లేనిది' అని రాసి నేనే సంతకం పెట్టాను.

వారానికొక ఇంజెక్షన్. మొదటి వారం ఏమీ జరగలేదు. రెండోది వేసిన మూడో రోజు మధ్యాహ్నం గంగోత్రి ఆస్పత్రి మంచం మీద కూర్చుని పప్పన్నం తింటోంది. చేయి ఆగిపోయింది.

"నాయినా, కాలు ఏందో చేస్తా ఉంది."

మునిరత్నం లేచి నిలబడ్డాడు. "ఏం చేస్తా ఉంది మా?"

"తెలీదు. దాన్ని తీసి ఆ పక్కన పెట్టేయాలనిపిస్తా ఉంది." కాసేపు ఆలోచించి, "ఇదేనా నొప్పంటే?" అంది.

ఆయన ఏడుస్తూ నవ్వాడు. నేను టైము రాసుకున్నాను, ఒంటిగంటా పది. మా ఇద్దరి సంతోషం ఒక అరగంట నిలిచింది. ఆ అరగంట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు కొట్టకముందే రెండో కాలు మొదలైంది. తరవాత మణికట్టు, పక్కటెముకలు, నాలుక. తొమ్మిదేళ్ళుగా విరిగి, వంకరగా అతుక్కుని, అరిగిపోయిన ప్రతి కీలూ ఒకదాని తరవాత ఒకటి నోరు విప్పింది. మేం రేపటి గాయాల గురించే ఆలోచించాం. ఒంట్లో పాత గాయాలున్నాయని, అవన్నీ ఒకేసారి మాట్లాడతాయని మాలో ఒక్కరికీ తోచలేదు. మా ఎలుకలన్నీ మెత్తటి ఊకలో పెరిగినవి, ఒక్క దెబ్బా ఎరగనివి. ఆ పిల్ల అలాగా?

నొప్పి తగ్గించే మందులిచ్చారు. కొంత తగ్గింది. అంతా తగ్గించేస్తే ఏ కీలు ఎలా ఉందో తెలియదని ఎముకల డాక్టరు సగం మోతాదు దగ్గర ఆపాడు. రెండు రోజులు గంగోత్రి ఏడ్చింది. దానికి ఏడవడం చేతకాదు. ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో తెలియక మధ్యలో ఉక్కిరిబిక్కిరయ్యేది. కళావతి దాన్ని ఒళ్ళో వేసుకుని, "ఊరుకో మా, ఊరుకో, ఊరుకో" అంటూనే ఉంది. గదిలోకి వచ్చిన నర్సూ అదే అంది, నేనూ అదే అన్నాను.

మూడో రోజు కళావతి వరండాలో నా దారికి అడ్డం నిలబడింది. "మేడమ్, మీకు దండం పెడతా. నా బిడ్డని పాత మాదిరే చేసేయండి. రోజుకి పదిసార్లయినా ఎతుక్కుంటా. నాకేం కష్టం లేదు."

ఒంట్లోకి వెళ్ళిన మందుని వెనక్కి తీయలేమని చెప్పాను. 

ఆ మధ్యాహ్నం చెంగల్రాయుడు గారు పుత్తూరు నుంచి బస్సులో వచ్చారు. చేతులు కడుక్కుని మంచం పక్కన కూర్చుని, మనవరాలి చీలమండ మీద బొటనవేలు ఆనించారు. "ఈడనా?"

"కాదు తాతా."

"ఈడ?"

"ఆ... ఆడే, ఆడే."

అలా పాదం నుంచి భుజం దాకా గంటన్నర పట్టింది. ఎముకల డాక్టరు పక్కన నిలబడి, ఆయన వేలు ఆగినచోటల్లా రాసుకున్నాడు, ఎక్స్‌రేలు తీయించాడు. ఎడమ మణికట్టు దగ్గర పెద్దాయన వేలు చాలాసేపు ఆగింది. ఆ ఎముక దానికి ఐదేళ్ళప్పుడు ఆయన కట్టిందే.

"ఇది నేను తప్పు కట్టినా" అన్నారు, నా వైపు తిరిగి. "మనిషి అరస్తేనే గదమ్మా మా యేలికి దోవ తెలిసేది. ఈ బిడ్డ అరవలా. నగతా కూర్చున్నింది. నేను గుడ్డోని మాదిరి కట్టేసినా." ఆయన కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చారు.

ఆ జాబితా ప్రకారం మణికట్టు సరిచేశారు, చీలమండకు చిన్న ఆపరేషన్ చేశారు. నొప్పి దారి చూపిస్తోంది కాబట్టి ఇంజెక్షన్లు ఆపలేదు. నాలుగో వారానికి పిల్ల నిద్రపోగలిగింది, ఐదో వారానికి బడికెళ్ళింది. ఏడో ఇంజెక్షన్‌తో బ్యాచ్ నలభై ఒకటి అయిపోయింది. అప్పటికి సిద్ధంగా ఉన్న నలభై రెండు ఇచ్చాం. పదిరోజుల్లో నొప్పి మాయమైంది. పదకొండో రోజు బడి మెట్ల మీద కాలివేలు విరిగింది. సాయంత్రం కళావతి వెతికినప్పుడు బయటపడింది.

ఆ నలభై రెండో బ్యాచ్ కణాల మీద పోసినా వెలగలేదు. అనుమతి తొందరలో మేం అది చూడనే లేదు. నలభై మూడు వెలగలేదు, నలభై తొమ్మిదీ వెలగలేదు. ఒకే పద్ధతి, ఒకే చెయ్యి, ఒకే గాజు గొట్టం. నేను నీళ్ళని అనుమానించాను, ఫ్రీజర్ని అనుమానించాను, పాపం షహీనాని కూడా అనుమానించాను. ఆ పిల్ల మాత్రం వాదించకుండా వెళ్ళి, బ్యాచ్ నలభై ఒకటిలో అడుగున మిగిలిన బొట్టుతో రిసెప్టార్‌ని కలిపి, మంచులో గడ్డకట్టించి, పెద్ద మైక్రోస్కోపులో బొమ్మ తీసింది. మూడు వారాల తరవాత నన్నూ మునిరత్నాన్నీ తెర ముందు కూర్చోబెట్టింది.

"ఇది బద్ద, ఇది రిసెప్టార్ నడుము. రెంటికీ నడుమ సందులో ఈ ముక్క చూడండి మేడమ్. ఇది ప్రొటీన్ కాదు. రెండు కొనల్లో రెండు ఉంగరాలు, మధ్యలో సన్న కడ్డీ. ఇది మేకులాగ దిగినందుకే బద్ద నిలబడింది."

ఆ ఆకారం నాకు తెలుసు. ఈ దేశంలో ప్రతి వంటింట్లో పోపులపెట్టెలో ఉండే అణువది. పసుపు.

నేను మునిరత్నం వైపు తిరిగాను. ఆయన అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"పండగ మర్నాడు ప్రొటీన్ కడిగే నీళ్ళ సీసా మూత తీస్తా ఉంటే, ఎండిన పసుపు బొట్టు రాలి లోపల పడింది మేడమ్. స్పిరిట్ కలిపిన సీసా, పడంగానే కరిగిపోయింది. పారబోద్దామనుకున్నా. అది ఆఖరి సీసా. ఎట్లాగూ వెలగదులే అని వాడేసినా."

"మరి వెలిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఆపేస్తారు."

"ఆపేదాన్నే."

"అందుకే చెప్పలా."

ఇరవై రెండేళ్ళలో ఆయన మీద నేను గొంతెత్తింది ఆ రోజే. ఏం పడిందో, ఎంత పడిందో తెలియని మందు కన్నకూతురి ఒంట్లోకి ఎక్కనిచ్చావా అని అరిచాను. మీరు పోయి నువ్వు వచ్చిందని కూడా నాకు తెలియలేదు. ఆయన తల దించుకుని, "నా చెల్లెల్ని చూసినా మేడమ్. మీరు చూడలా" అన్నాడు. నా కోపం అక్కడ ఆగిపోయింది. ఆగాక, షహీనా అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు, దాని కింద నా సంతకం గుర్తొచ్చాయి. తిలా పాపం తలా పిడికెడు.

నీతి సంఘానికి ఉన్నదున్నట్టు రాశాం, ఆయన వంతు ఆయన, నా వంతు నేను. ఆయన్ని ల్యాబు పని నుంచి తీసి స్టోర్సులో వేశారు. ప్రాజెక్టు బాధ్యత నా చేతుల్లోంచి ఇంకొకరికి వెళ్ళింది. రెండూ న్యాయమే. ఆ అణువుని మామూలు పసుపులోంచి కాక శుభ్రంగా తయారుచేసి, లెక్క ప్రకారం బద్దలో ఇమిడ్చి, అన్ని పరీక్షలూ మొదటి నుంచీ చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈసారి సంఘం ఒక షరతు పెట్టింది. తల్లిదండ్రుల సంతకం చాలదు, పిల్లని అడగాలి. ఎవరూ నచ్చజెప్పకూడదు. అడిగే పని నాకే అప్పగించారు, శిక్ష అనుకున్నారో ఏమో.

వాళ్ళింటికి వెళ్ళాను. గంగోత్రికి అప్పటికి పదకొండు. ఆ మధ్యలో ఇంకొకసారి చేయి విరిగి, కట్టు కట్టి ఉంది. అమ్మానాన్నల్ని వీధిలోకి పంపించి, అంతా చెప్పాను. పాత గాయాలు చాలావరకు బాగుచేశారు కాబట్టి అప్పటంత ఉండదు, కానీ ఉంటుంది. వారానికొకసారి, బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. వద్దంటే ఎవరూ ఏమీ అనరు.

"వద్దంటే మాయమ్మ రోజూ ఎతుకుతాదా?"

"వెతకాలి కదా మరి."

"పెద్దయినాక గూడానా?"

నేను తలూపాను. అది కట్టు అంచు గోకుతూ కూర్చుంది.

"మేడమ్, మీకొకటి చెప్తా, ఎవురికీ చెప్పొద్దు. అప్పుడు ఆరో వారంలో కడుపు నొప్పి అని అబద్ధం చెప్పి బడి మానేసినా. అందరూ నమ్మేసినారు." కాస్త నవ్వి, మళ్ళీ గంభీరంగా, "అప్పుడు బడికి పోయిన ఆ నాలుగు వారాలు మాయమ్మ నన్ను ఎతకలా. 'ఏమన్నా ఉందా మా?' అని అడిగేది. నేను లేదంటే, లేదంతే. ఇప్పుడు నేను లేదన్నా ఎవురూ నమ్మరు. పావడా ఎత్తి చూస్తారు" అంది.

పదకొండేళ్ళ ఆడపిల్ల మనసులో ఇంత ఉందని నాకే కాదు, వాళ్ళమ్మకీ తెలియదు.

"వేసుకుంటా. కానీ ఒకటి. నేను ఏడిస్తే ఊరుకోమనకూడదు. మాయమ్మ గానీ, నాయిన గానీ, మీరు గానీ. అప్పుడు రెండు రోజులూ అదే అన్నారు. నాకి యాడ నొస్తా ఉందో ఎవురికీ తెలీకండా ఊరుకో ఊరుకో అంటే ఎట్లా?"

ఆ షరతు కాగితం మీద అలాగే రాసి, కింద దాని చేత సంతకం పెట్టించి సంఘానికి పంపాను. మార్చకుండా ఆమోదించారు.

మొదటి ఇంజెక్షన్‌కి సూది దిగినా దానికి నొప్పి తెలియలేదు. వారం తరవాత రెండోదానికి మేమంతా వెళ్ళాం. మందు ఏపాటి పనిచేస్తోందో సూదే చెబుతుంది. నర్సు జబ్బ మీద స్పిరిట్ రుద్దింది, సూది గుచ్చింది. గంగోత్రి ముఖం ముడుచుకుపోయింది. "అమ్మా" అని పెద్దగా ఏడుపందుకుంది. ఈసారి ఊపిరి తడబడలేదు. కళావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మునిరత్నం పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు. అలవాటు చొప్పున ఏదో అనబోయిన నర్సు చేయి పట్టుకుని ఆపాను.

గదిలో దాని ఏడుపు తప్ప చప్పుడు లేదు. అది మా ముగ్గురి ముఖాలూ వరసగా చూసింది. మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"చాల్లే, నేనే ఊరుకుంటా" అంది.